మెట్ట ఊళ్లకు పాట గురువులు కావాలి

మర్రిపాడు మండలంలోని తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఉదయగిరి దుర్గాన్ని చూస్తూ పెరిగినవాళ్లూ, ఆత్మకూరు కాలేజీలకు బస్సెక్కి పోయి వస్తున్నవాళ్లూ! మీలో పాడగలిగినవాళ్లకు కొదవ లేదు. శ్రీరామనవమి పందిట్లో, వినాయకుడి ఊరేగింపులో, కాలేజీ వార్షికోత్సవంలో, క్రిస్మస్ ముందు రాత్రుల్లో ఇల్లిల్లూ తిరిగే కేరల్స్‌లో మీ గొంతులు వింటూనే ఉన్నాం. ఫోనులో పాట పాడి పదిమందికి పంపేవాళ్లు వీధికి నలుగురున్నారు. సంతోషం. అయితే పాడేవాళ్లు పెరిగినంతగా పాడించేవాళ్లు పెరగలేదు. ఆ లోటు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలి.

ఇరవై మందిని వరసలో నిలబెట్టి, ఇరవై గొంతులనూ ఒక్క శ్రుతికి తెచ్చి, ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో ఎవరు ఎక్కడ ఆగాలో నేర్పి, ఆ విద్యను మరొకరి చేతిలో పెట్టి పోయే మనిషి మన ఊళ్లలో కరువైపోతున్నాడు. ఆ చోటు ఖాళీగా ఉంది. అక్కడికి మీరు రావాలి.

ఆ మనిషి మనకు కొత్తవాడేం కాదు. చెక్కభజన గురువును తలచుకోండి. పొలం పనులు తెరిపిచ్చిన రోజుల్లో ఊరు ఆయనను పిలిపించుకునేది. బస, భోజనం ఊరివే. రాత్రి అన్నాలయ్యాక రామాలయం ముందు అందరూ చేరేవారు. పగలంతా గొర్రెలు కాసినవాడు, ట్రాక్టరు తోలినవాడు, పది తప్పినవాడు, డిగ్రీ చదివేవాడు, అందరి చేతుల్లోనూ చెక్కలే. మొదటి రాత్రి ఎవరి చెక్క వాళ్లది, ఎవరి మోత వాళ్లది. గురువు తొందరపడి పాట ఎత్తుకోడు. ముందు అడుగు చూపిస్తాడు. కుడికాలు ముందుకు, ఎడమకాలు పక్కకు, చెక్క మీద ఒక దెబ్బ. అది కుదిరేదాకా రెండో అడుగు లేదు. కాలు కుదిరాక చెయ్యి, చెయ్యి కుదిరాక నోరు. వెనక వరసలో ఒకడు అర అడుగు ఆలస్యమైనా ఆయన చెవికి అది పడుతుంది. తాళం ఆపి, వాడి పక్కకు పోయి నిలబడి, తన కాలు కదుపుతూ వాడి కాలు కదిలిస్తాడు. అలా రాత్రుల తరబడి నలిగాక, పండగనాడు గజ్జెలు కట్టి నలభై చెక్కలూ ఒక్కటిగా మోగితే, ఊరు ఊరంతా లేచి నిలబడేది.

జడకోలాటం సంగతి ఇంకా గమ్మత్తు. పైన ఒకచోట కట్టిన తాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో తాడు. కోలలు వేస్తూ ఒకరు లోపలికి, ఒకరు బయటికి తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటుంది. అవే అడుగులు వెనక్కి వేస్తే ఆ జడ విడిపోవాలి. ఒక్క మనిషి దారి తప్పినా తాళ్లన్నీ చిక్కుపడతాయి. ఆడేవాళ్లకు తమ తాడే కనబడుతుంది. ఎవరి దగ్గర తేడా వచ్చిందో జడ మొత్తాన్నీ చూసి చెప్పగలిగేవాడు గురువు ఒక్కడే. ఆయన ఆడడు, తాడు పట్టుకోడు. తాళాలు వాయిస్తూ, ఈల వేస్తూ అందరినీ ఆడిస్తాడు.

జర్మనీలో అరవై, డెబ్బై మంది వాద్యకారుల ముందు సన్నటి కర్ర పట్టుకుని నిలబడే ఆర్కెస్ట్రా కండక్టరు చేసేదీ ఇదే పని. ఆయన చేతిలో వాయిద్యం ఉండదు. అన్ని వాయిద్యాలూ ఆయన కనుసన్నల్లో నడుస్తాయి. మన రామాలయం ముందు జరిగే పని చిన్నది, అక్కడి పని పెద్దది అని ఎవరైనా అంటే నమ్మకండి. హాలు పెద్దది కావచ్చు, జీతం పెద్దది కావచ్చు. చెవి మాత్రం ఒకటే కావాలి, ఓపిక కూడా అంతే కావాలి.

ఆ జర్మనీ నుంచే ఒక కుర్రవాడి కథ చెబుతాను, వినండి. పేరు ఫెలిక్స్ మెండెల్‌సన్. 1809లో హాంబర్గ్‌లో పుట్టాడు. అంతకు వందేళ్ల నాటి బాఖ్ అనే మహావిద్వాంసుడు క్రీస్తు శ్రమల మీద ఒక పెద్ద సంగీత రచన చేసి ఉన్నాడు. బాఖ్ 1750లో పోయాక దాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. దాని రాతప్రతి నకలు ఒకటి మెండెల్‌సన్‌కు అమ్మమ్మ కానుకగా ఇచ్చింది. వాడు దాన్ని బీరువాలో పెట్టి పూజించలేదు. కొద్దిమంది స్నేహితులను ఇంటికి పిలిచి కొంచెం కొంచెంగా పాడించడం మొదలుపెట్టాడు. ఇంత పాతది, ఇంత కష్టమైనది ఇప్పుడెవరు వింటారని పెద్దలు సందేహించారు, చదువు చెప్పిన గురువే మొదట్లో వెనకాడాడు. అయినా ఆ కుర్రవాడు, ఎడ్వర్డ్ డెవ్రియెంట్ అనే నటుడు, ఇద్దరూ కలిసి గురువును ఒప్పించారు. 1829 మార్చి 11న బెర్లిన్‌లో పెద్ద గాయక బృందాన్ని, వాద్యబృందాన్ని నిలబెట్టి మెండెల్‌సన్ ఆ రచనను పాడించాడు. హాలు కిక్కిరిసిపోయింది. బాఖ్ పేరు మళ్లీ లోకం నోట పడింది. అప్పటికి ఆ కండక్టరు వయసు ఎంతనుకున్నారు? 20 ఏళ్లు. మీలో చాలామంది కంటే చిన్నవాడు!

26 ఏళ్లకు, 1835లో, లైప్‌జిగ్‌లోని ప్రసిద్ధ వాద్యబృందానికి సారథి అయ్యాడు. పేరుంది, చప్పట్లున్నాయి, రాజుల ఆదరణ ఉంది. అంతటితో ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. 1843లో అదే ఊళ్లో సంగీత పాఠశాల పెట్టి తానూ పాఠాలు చెప్పాడు, షూమన్ లాంటి స్వరకర్తను పాఠాలు చెప్పడానికి పిలిచాడు. 38 ఏళ్లకే, 1847లో, చనిపోయాడు. తర్వాత దాదాపు 90 ఏళ్లకు నాజీలు వచ్చారు. వాడి పుట్టుక యూదుల ఇంట అని పాటలను నిషేధించారు, 1936లో లైప్‌జిగ్‌లోని విగ్రహాన్ని తొలగించారు. విగ్రహాన్ని కూల్చగలిగారు గానీ వాడు పెట్టిన బడిని చెరపలేకపోయారు. ఆ బడి ఈనాటికీ ఉంది, ఇప్పుడు వాడి పేరుతోనే నడుస్తోంది. తమ్ముడూ, పాడినవాడి పేరు చప్పట్లున్నంతసేపు ఉంటుంది. నేర్పినవాడి పేరు నేర్చుకున్నవాళ్లున్నంత కాలం ఉంటుంది.

ఇదంతా ఎక్కడో చలిదేశపు ముచ్చట అనుకోవద్దు. మన తెలుగునాట ఇంతకు తక్కువ జరగలేదు.

1919లో విజయనగరంలో విజయరామ గజపతి మహారాజు సంగీత పాఠశాల పెట్టాడు. ఆస్థానంలోని ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదని, ఆ పిల్లవాడికి సంగీతం అబ్బుతోందని తెలిసి, వాడి కోసమే బడి పెట్టించాడని చెప్పుకుంటారు. మొదటి ప్రధానాచార్యుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో రెండు తాళాలు, తలతో ఐదో తాళం ఒకేసారి నడిపించిన లయజ్ఞుడు ఆయన. ఒక మనిషి ఒంట్లోనే ఒక వాద్యబృందం ఉన్నట్టు లెక్క!

ఆ బడికి ద్వారం వెంకటస్వామి నాయుడు వచ్చిన తీరు ప్రతి కుర్రవాడూ తెలుసుకోవాలి. ఆయన 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖ సీమలో పెరిగాడు. కంటిచూపు అంతంత మాత్రం కావడంతో మామూలు చదువు సాగలేదు. అన్నగారి దగ్గర వయొలిన్ పట్టుకున్నాడు. తర్వాత సాధన, మళ్లీ సాధన. 1919లో విజయనగరం బడిలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆ వాయింపు విన్న పెద్దలు పాఠం నేర్చుకునే చాప మీద కాకుండా పాఠం చెప్పే చాప మీద కూర్చోబెట్టారు. 26 ఏళ్ల వయసులో వయొలిన్ ఆచార్యుడు. 1936లో నారాయణదాసు తర్వాత ఆ బడికి ప్రధానాచార్యుడు. గాయకుడి పక్కన కూర్చుని వాయించేది వయొలిన్ అనుకునే రోజుల్లో, అదొక్కటే కచేరీ నడపగలదని చూపించాడు. పాశ్చాత్యులు కమానును పొడవునా ఎలా లాగుతారో గమనించి, మన గమకానికి పనికొచ్చినంత మేరకు తీసుకున్నాడు. 1952లో మద్రాసుకు వచ్చిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వయొలిన్ విని అబ్బురపడ్డాడు. సంగీత కళానిధి వచ్చింది, పద్మశ్రీ వచ్చింది. అయినా ఆయన జీవితంలో ఎక్కువ కాలం గడిచింది కచేరీ వేదికల మీద కాదు, విజయనగరం బడిలో, పిల్లల శ్రుతి సరిచేస్తూ.

అదే బడికి కృష్ణా జిల్లా చౌటపల్లి నుంచి తండ్రి లేని కుర్రవాడొకడు వచ్చాడు. దారిఖర్చులకు చేతి ఉంగరం అమ్ముకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి ఆ కుర్రవాణ్ణి చేరదీసి పాఠం చెప్పాడు. తిండికి ఇంటింటా మధూకరం ఎత్తుకుని చదువు సాగించిన ఆ కుర్రవాడే ఘంటసాల వెంకటేశ్వరరావు. పి. సుశీల చదివింది కూడా ఆ బడిలోనే. మన అమ్మలు, అమ్మమ్మలు వంటింట్లో కూనిరాగం తీసిన పాటల్లో ఎన్నింటి మూలం ఆ ఒక్క బడిలో ఉందో లెక్కపెట్టుకోండి. రాజు కట్టడం ఇచ్చాడు. ఆ కట్టడాన్ని బడిగా మార్చింది ఓపికగా కూర్చుని సరళీ స్వరాలు వల్లె వేయించిన గురువులు.

ఇక బృందాన్ని నడిపించడంలో మొనగాడు ఈమని శంకరశాస్త్రి. 1922లో ద్రాక్షారామంలో వైణికుల ఇంట పుట్టాడు. తండ్రి అచ్యుతరామశాస్త్రే తొలి గురువు. మద్రాసులో జెమినీ స్టూడియోలో పనిచేశాడు, తర్వాత ఆకాశవాణికి వెళ్లాడు, చివరికి ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి స్వరకర్తగా, నిర్వాహకుడిగా నిలబడ్డాడు. 1952లో పండిట్ రవిశంకర్ లాంటివాళ్లు నడిపించిన బృందం అది. అందులో పని ఎంత కష్టమో కాస్త వివరంగా చెప్పాలి.

యూరప్ వాద్యబృందంలో ప్రతివాడి ముందూ రాసిన స్వరపత్రం ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు వాయిస్తే చాలు. మన సంగీతం అలా కాదు. అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మం మన ప్రాణం. వైణికుడు ఒక స్వరాన్ని కంపించినట్టు సితార్ వాద్యకారుడు కంపించడు. వేణువు దారి వేరు, సారంగి దారి వేరు. ఒకాయన హిందుస్తానీ, ఒకాయన కర్ణాటకం. ఒక్కొక్కరూ విడిగా మహావిద్వాంసులే. కలిపి వాయించమంటే పది గమకాలు పది దిక్కులకు లాగుతాయి. అక్కడ నిలబడినవాడు ప్రతి స్వరానికీ ఎంత ఊపు ఉండాలో, ఎక్కడ ఊపు లేకుండా నిలబెట్టాలో తేల్చాలి. ఎవరి విద్యనూ చిన్నబుచ్చకుండా అందరినీ ఒక దారికి తేవాలి. పెద్ద విద్వాంసుణ్ణి 'అయ్యా, ఇక్కడ మీరు కాసేపు ఆగాలి' అనగలగాలి. ఆ మాట ఆయన మన్నించాలంటే చెప్పేవాడికి విద్యా ఉండాలి, వినయమూ ఉండాలి. శంకరశాస్త్రికి రెండూ ఉన్నాయి. ఇంత చేస్తూ కూడా శిష్యులను తయారు చెయ్యడం మానలేదు. వీణ అనగానే తెలుగువాడికి గుర్తొచ్చే చిట్టిబాబు ఆయన శిష్యుడే. 1974లో పద్మశ్రీ వచ్చింది, 1987లో కాలం చేశాడు. ఆయన వీణ శిష్యుల చేతుల్లో మోగుతూనే ఉంది.

మరి మన నెల్లూరు జిల్లా సంగతి? ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మనవాడు. హరికథలు చెప్పే సాంబమూర్తి గారి కొడుకు. నెల్లూరు వీధుల్లో పెరిగి, ఇంజనీరింగ్ చదువు కోసం అనంతపురానికి, తర్వాత మద్రాసుకు వెళ్లినవాడు. సినిమాల్లో స్థిరపడక ముందు ఒక లలిత సంగీత బృందాన్ని నడిపాడు. అందులో గిటారు, హార్మోనియం పట్టుకున్నవాళ్లలో ఇళయరాజా, ఆయన సోదరులు ఉన్నారంటే, ఆ కుర్రవాడికి మనుషులను కూడగట్టే చెవి ఎలాంటిదో ఊహించండి! 1966లో తనకు తొలి అవకాశం ఇచ్చిన సంగీత దర్శకుడు కోదండపాణిని జీవితాంతం మరవలేదు. తన రికార్డింగ్ స్టూడియోకు గురువు పేరే పెట్టుకున్నాడు. 1996 నుంచి 'పాడుతా తీయగా' టీవీ కార్యక్రమంలో ఎందరు పిల్లల పక్కన కూర్చుని ఏ స్వరం జారిందో, ఏ అక్షరం నలిగిందో సరిదిద్దాడు! 2020లో ఆయన పోయాక నెల్లూరులోని ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. ఆత్మకూరులో బస్సెక్కితే నెల్లూరులో దిగి ఆ బడికి పోవచ్చు. ఇంతకంటే దగ్గరగా ఏ పిలుపు కావాలి?

మతమూ కులమూ అడ్డొస్తాయని అనేవాళ్లు ఒకరుంటారు. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాను చూపించండి. నాదస్వరంతో తమిళనాడు వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి ఊళ్లోనే శారద పేరుతో నాదస్వర పాఠశాల పెట్టి శిష్యులకు నేర్పాడు. శ్రుతికి మతం లేదు. ఆడపిల్లలకు ఇది తగదు అనేవాళ్లు ఇంకొకరుంటారు. వాళ్లకు మీ పక్క ఊళ్లో కోలాటం ఆడుతున్న ఆడవాళ్ల బృందాన్ని చూపించండి. పొద్దున కూలికి పోయి, సాయంత్రం చీరలన్నీ ఒకే రంగులో కట్టుకుని, రాత్రి దేవళం ముందు ఆడే ఆ అక్కలు, పిన్నమ్మలు ఎవరి అనుమతి అడిగి నేర్చుకున్నారు? చెల్లెళ్లూ, ఈ విద్యలో ముందు నిలబడే చోటు మీకూ ఉంది. ఎవరో పిలిచేదాకా ఆగకండి.

ఇంట్లో పెద్దలు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఏందబ్బయ్యా, పాటలు కూడు పెడతాయా?" న్యాయమైన ప్రశ్నే. వానను నమ్ముకున్న మెట్టలో పుట్టినవాళ్లం, రూపాయి విలువ మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మీకు అబద్ధం చెప్పను. మొదట్లో కూడు పెట్టవు. చదువు మానెయ్యమని, ఉద్యోగం వదిలెయ్యమని నేను అనను. అలా అనేవాడి మాట వినకండి. డిగ్రీ చదవండి, డీఎస్సీ రాయండి, బెంగుళూరులో పని దొరికితే పోండి. సాయంత్రం ఒక గంట మాత్రం ఈ విద్యకు ఇవ్వండి. విద్య గట్టిపడ్డాక దారులు ఉన్నాయి. డిప్లొమా చేసినవాళ్లకు సంగీతం మాస్టరు ఉద్యోగాలున్నాయి. ప్రైవేటు బడులు పాట నేర్పేవాళ్లను పెట్టుకుంటున్నాయి. కోలాటం గురువులను ఊళ్లు పిలిపించుకుంటున్నాయి. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఇక్కడి నుంచి ఫోనులోనే పాఠం చెప్పి సంపాదించేవాళ్లున్నారు. బంగళాలు కట్టరు. తలెత్తుకు బతుకుతారు.

ఇంతకీ కూడు పెట్టేదొక్కటే విద్య అనుకుంటే, ఊరు ఊరుగా మిగలదు. డీజే పెట్టెలు తెచ్చి పెట్టిన పండగను గమనించండి. గుండెలదిరేలా మోగుతుంది. ఊరంతా వింటుంది, ఒక్కరూ పాడరు. అద్దె గంట తీరగానే పెట్టెలు ఆటో ఎక్కి పోతాయి, ఊరికి మిగిలేది చెవిపోటు. అదే ఒక కుర్రవాడు ఇరవై మంది పిల్లలకు నెల రోజులు నేర్పి పాడించిన పాట ఉంటే, మర్నాడు ఆ పిల్లలు బడికి పోతూ పాడుకుంటారు. చేలో కలుపు తీస్తూ వాళ్ల అమ్మలు పాడుకుంటారు. కొన్నేళ్లకు ఆ పిల్లలే ఇంకో ఇరవై మందికి నేర్పుతారు. మైకు కింద కొట్లాటలు పెట్టుకునే కుర్రవాళ్లు చెక్క పట్టుకుని వరసలో నిలబడితే పక్కవాడి అడుగు గమనించక తప్పదు. పక్కవాడి అడుగు గమనించడం నేర్చుకున్న ఊళ్లో పోలీసు జీపుకు పని తగ్గుతుంది.

అందుకని కబుర్లు చాలు, పనిలోకి దిగండి. ఏం చెయ్యాలో చెబుతాను.

మొదట మీ ఊళ్లో, పక్క ఊళ్లో ఎవరైనా పాత భజన గురువు మిగిలి ఉన్నాడేమో వెతకండి. ఆయన దగ్గరకు పోయి కూర్చోండి. నోట్‌బుక్ తీసుకుపోండి. ఫోను ఎలాగూ చేతిలోనే ఉంటుంది, ఆయన పాడిన ప్రతి పాటా రికార్డు చెయ్యండి. పాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అడిగి ఆ పేరూ రాసుకోండి. ఏ పాటకు ఏ అడుగో, ఎక్కడ వేగం పెరగాలో ఆయన చేతే చూపించుకోండి. ఆ గురువుకు చేతనైనంత దక్షిణ ఇవ్వండి. విద్య ఉట్టిపుణ్యానికి తీసుకోకూడదు. తర్వాత రాయించుకుందాం అనుకుంటే, ఆయన పోయాక చెప్పేవాళ్లుండరు.

తర్వాత శ్రుతి. తంబురా లేకపోతే ఫోనులో తంబురా యాప్ పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు. రోజూ పొద్దున పావుగంట ఆ శ్రుతిలో షడ్జం నిలపండి. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడండి. చప్పగా ఉంటుంది, విసుగొస్తుంది. ద్వారం వారూ దాని గుండానే వచ్చారు, ఘంటసాలా దాని గుండానే వచ్చాడు. మీకొక్కరికే వేరే దారి వెయ్యరు. వీలున్నవాళ్లు నెల్లూరు సంగీత పాఠశాలలో సర్టిఫికెట్ కోర్సుకు చేరండి. పద్ధతిగా నేర్చుకున్నవాడికి తాను తప్పు చేస్తే తనకే తెలుస్తుంది. ఆ చెవి రానంత వరకు ఇంకొకరిని దిద్దే అర్హత రాదు.

ఆపైన ఒక పదిమందిని పోగు చెయ్యండి. మీ వీధి పిల్లలే చాలు. వారంలో ఒక సాయంత్రం, ఒక చోటు, ఒక వేళ ఖాయం చేసుకోండి. దేవళం కావచ్చు, చర్చి ఆవరణ కావచ్చు, సర్కారు బడి వరండా కావచ్చు. భజన చెక్కలు లేవంటారా? చెక్క గరిటెలకు పేరుపడ్డ ఉదయగిరి మన పక్కనే ఉంది. చెక్క చెక్కే చేతులు అక్కడ ఎన్ని లేవు! ఒక పాటతో మొదలుపెట్టండి. ఆ ఒక్క పాట కుదిరేదాకా రెండోది ఎత్తకండి. పదిమందికీ ఒకే శ్రుతి కుదరకపోతే శ్రుతి దించండి, పిల్లల గొంతు చించకండి. గొంతు బాగున్నవాణ్ణి ముందు పెట్టి మిగతావాళ్లను డొల్ల బొమ్మలు చెయ్యకండి. బలహీనమైన గొంతు పక్కన బలమైన గొంతు నిలబెట్టండి, రెండూ బాగుపడతాయి.

ముందు నిలబడేవాడికి కొన్ని నియమాలుంటాయి, అవి మీకూ తప్పవు. అందరికంటే ముందు రావాలి, అందరికంటే వెనక పోవాలి. గొంతు పెంచి అరవకూడదు, చెవి పెంచి వినాలి. తప్పు చేసినవాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చెయ్యకూడదు. రేపు ఆ పిల్లవాడు రాకపోతే పోయేది మీ బృందమే. చప్పట్లు వచ్చినప్పుడు పక్కకు జరిగి పిల్లలను చూపించాలి. తేడా వచ్చినప్పుడు ముందుకొచ్చి మాట పడాలి. యూరప్ కండక్టరు కచేరీ అయ్యాక మొత్తం బృందాన్ని లేపి నిలబెడతాడు, చప్పట్లు వాళ్లకు పంచిపెడతాడు. ఆ మర్యాద నేర్చుకోదగ్గది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆఖరున చెబుతున్నాను. ఏడాది తిరక్కముందే మీ పక్కన ఇంకొకరిని తయారు చెయ్యండి. మీరు ఊళ్లో లేనినాడు తాళం పట్టుకుని నిలబడేవాళ్లు ఒకరుండాలి. మీరు ఉద్యోగానికి హైదరాబాదో, మద్రాసో పోతారు. పోకుండా ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. మీతోపాటు పాట పోకూడదు. సోమశిల జలాశయం ఎంత నిండినా కాలువ తవ్వకపోతే మన మెట్టకు చుక్క నీరు రాదు. విద్యకూ అంతే, నేర్చుకుని దాచుకున్నది ఎంత ఉన్నా ఊరికి పారదు. త్యాగయ్య పాట మన దాకా ఎలా వచ్చిందనుకున్నారు? ఆయన శిష్యుల్లో మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఇందులో ఏ ఒక్కరు 'నాకెందుకులే' అని ఊరుకున్నా ఆ దారి అక్కడే ఆగిపోయేది. మన ఊరి చెక్కభజన పాటకూ అలాంటి దారే ఉంది. ఆ దారిలో ఇప్పుడు వంతు మీది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనకు రాజులు లేరు, సంగీత కళాశాలలు కట్టించేవాళ్లు మన పల్లెల వైపు చూడలేదు. ఎవరో వస్తారని చూస్తే మీ పిల్లల కాలానికి పాడించేవాడు కాదు కదా, పాడేవాడు కూడా మిగలడు. మెండెల్‌సన్ 20 ఏళ్లకు చేశాడు. ద్వారం వెంకటస్వామి నాయుడు చూపు సరిగా లేకుండా చేశాడు. ఘంటసాల మధూకరం ఎత్తుకుని చేశాడు. మీకు చూపుంది, తిండి ఉంది, చేతిలో ఫోనుంది, పక్కనే నెల్లూరుంది. సాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వచ్చే శ్రీరామనవమికి మీ ఊరి పందిట్లో మీరు నేర్పిన పదిమంది పిల్లలు ఒక్క శ్రుతిలో ఒక్క పాట పాడాలి. అందుకు కావలసిన మొదటి సాయంత్రం ఈ వారంలోనే ఉంది. చెక్కలు పట్టుకోండి, పిల్లలను పిలవండి, మొదలుపెట్టండి.